వుంది కాదు, మంది: ఒక మాసపత్రిక పాత సంచికల్ని యూనికోడ్‌లోకి తెచ్చిన పని

విజయవాడలో ఒక సాహిత్య మాసపత్రిక ఉండేది. 1996 జనవరిలో మొదలై 2010 డిసెంబరులో ఆగింది. పదిహేనేళ్ళు, 180 సంచికలు, ఒక్క నెల తప్పలేదు. దాన్ని నడిపిన మాస్టారు మళ్ళీ పత్రిక తేవాలనుకుని, ముందు పాతవాటి సంగతి తేల్చుకుందామని మా దగ్గరికి వచ్చారు. మాది ఇద్దరు మనుషుల చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు.

ఆయన అడిగింది ఇంతే: “ఫలానా కథ మీ పత్రికలోనే చదివామండీ, ఒకసారి పంపుతారా అని ఇప్పటికీ ఫోన్లు వస్తాయి బాబూ. కథ నాకు గుర్తుంటుంది, నెల గుర్తుండదు. అంతా కంప్యూటర్లో కొట్టించిందే గదా. వెతికితే దొరకాలి గదా?”

దొరకదు. ఎందుకు దొరకదో ఆయనకు చెప్పడానికి ఒక పూట పట్టింది. దొరికేట్టు చేయడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో ఏం చేశామో, ఎక్కడ దారి తప్పామో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సీడీలు ఇంకా ఎందరి ఇళ్ళలోనో అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాటిని తెరవబోయేవాళ్ళకు ఇది పనికిరావాలని నా కోరిక.

ఫైల్లో ఉన్నది ఏమిటి

మాస్టారి ఎదుట ఒక పాత ఫైలు తెరిచి, “అమ్మ” అన్న మాటను ఎంచుకుని ఫాంటు మార్చి చూపించాను. అమ్మ మాయమై, ఫ్రెంచి, జర్మన్ రాతల్లో కనబడే నాలుగైదు గుర్తులు మిగిలాయి. ఆయన కాసేపు తెర వంకే చూస్తూ ఉండిపోయారు. “అంటే ఇందులో తెలుగు లేదా?” అన్నారు.

లేదు. తెలుగు ఆకారాలున్నాయి, తెలుగు అక్షరాలు లేవు. ఆ కాలపు ఫాంటులో ఉండేవి 256 గదులు. అందులో కొన్ని కంప్యూటరు తన అవసరాలకు అట్టేపెట్టుకునేది. ఇంగ్లిషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. తెలుగులో ‘క’ గుణింతం, దాని వత్తు, ‘ఖ’ గుణింతం, దాని వత్తు అంటూ పోతే ఆ గదులు ఏ మూలకూ చాలవు. అందుకని ఫాంటు చేసినవాళ్ళు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, తలకట్టు తీసేసిన మొండెం ఇంకో గదిలో, గుడి కలిసిపోయిన ‘కి’ లాంటివి వేరే గదుల్లో, వత్తులు మరో వరుసలో. ‘మ’కు విడిగా గది ఇవ్వకుండా ‘వ’ పక్కన ఒక తోక తగిలించి ‘మ’ను నిలబెట్టారు. కాగితం మీద అతుకు కనబడదు. నిజమైన పనితనం అది.

ఈ పద్ధతిని ఇప్పుడు తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టలేను. యూనికోడ్ అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే పట్టిక. దాని మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, అందులో తెలుగు ఉంది. కానీ పట్టికలో ఉంటే చాలదు, దాన్ని తెర మీద గీసేవాడు కావాలి. విండోస్‌లో తెలుగును సరిగా గీయడం 2001లో ఎక్స్‌పీతో మొదలైంది, గౌతమి ఫాంటు దాంతోపాటే వచ్చింది. అప్పుడు కూడా సెట్టింగుల్లోకి వెళ్ళి క్లిష్టమైన లిపుల పెట్టెలో టిక్కు పెట్టుకుంటేనే వత్తులు కుదురుకునేవి. 1996లో పత్రిక పెట్టిన మనిషి ఐదేళ్ళు ఎలా ఆగుతాడు?

అయితే సరైన ఆలోచన అప్పటికే మన దేశంలో ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఐఐటీ కాన్పూరులో మొదలై, కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు 1980లలోనే ఉంది. కంప్యూటరు లోపల బిగించే ఆ కార్డు అక్షరాల సంకేతాలను తీసుకుని, వాటిని ఆకారాలుగా మార్చే పని తనమీద వేసుకునేది. ఫైల్లో మాత్రం ‘క్ష’ను ‘క’, పొల్లు, ‘ష’ అని అక్షరాలే దాచేవారు. ఆ సంకేతాల పట్టికే ఇస్కీ. 1991లో ఐఎస్ 13194 పేరుతో అది భారతీయ ప్రమాణమైంది. దాచేది వేరు, చూపేది వేరు అన్న విభజన అందులో స్పష్టంగా ఉంది. కానీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో ముచ్చటగా పేజీ పెట్టి లేజర్ ప్రింటు తీయాలంటే ముక్కల ఫాంట్ల దారే చేతికి అందింది. ప్రచురణరంగం అటు నడిచింది.

నా ఫిర్యాదు ఒక్కటే. అచ్చుకు వెళ్ళే రూపాన్నే దాచుకునే రూపంగా కూడా పెట్టుకున్నారు. అచ్చయిన రోజున ఆ ఫైలు పని తీరిపోయింది, అదే ఫైలు పదిహేనేళ్ళ జ్ఞాపకంగా కూడా నిలబడాల్సి వచ్చింది. ఆ బరువు మోసేలా దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

సీడీలు, పాత పెట్టె

అట్టపెట్టెలో 61 సీడీలున్నాయి. రాసుకునే సీడీల్లో సమాచారం నిలిచేది రంగుపూతలో. దాని వెనక మెరిసే పొర, దానిమీద పలుచని లక్క. కింద గీత పడితే చాలాసార్లు బతికించవచ్చు, పైన లేబుల్ వైపు గీత పడితే మెరుపు పొరే లేచిపోతుంది. ఎవరో శ్రద్ధగా ప్రతి సీడీ మీదా నెల, సంవత్సరం బాల్‌పెన్నుతో ఒత్తి రాశారు. ఆ రాత ఉన్నచోటే కొన్ని చదవడానికి మొరాయించాయి.

డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ప్రతి సీడీకీ నకలు తీశాం. చదవగలిగిన భాగం ముందు చదివి, చెడిన చోట్లు రాసిపెట్టుకుని, వాటి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం దాని పద్ధతి. ఒక డ్రైవులో చదవని సీడీ ఇంకో డ్రైవులో చదివింది. అందుకని మూడు వేర్వేరు డ్రైవులు పెట్టుకున్నాం, అందులో ఒకటి పాతసామాన్ల కొట్లో దొరికింది. చివరికి నాలుగు సంచికలు తప్ప అన్నీ బయటపడ్డాయి.

టైపు చేసే పాత సాఫ్ట్‌వేర్‌కు హార్డ్‌వేర్ లాక్ ఉండేది, ఆ చిన్న బిళ్ళ గుచ్చి ఉంటేనే అది నడిచేది. ప్రింటరు తగిలించే పాత సమాంతర పోర్టులో గుచ్చాలి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. విండోస్ 98 నడిచే పెట్టె ఒకటి సంపాదించి దానికి గుచ్చాం. ఫైళ్ళు తెరవడానికి లాక్ అక్కర్లేదు. కానీ ఏ మీట నొక్కితే ఏ ముక్కలు, ఏ వరుసలో ఫైల్లో పడతాయో తెలియాలంటే టైపు చేసి చూడాల్సిందే.

దానికోసం ఆ పత్రికకు పదిహేనేళ్ళూ కంపోజింగ్ చేసిన అక్కను పిలిపించాం. ఇప్పుడు ఆవిడ సొంతంగా డీటీపీ సెంటరు నడుపుకుంటున్నారు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ‘క’ నుంచి ‘ఱ’ దాకా గుణింతమంతా, ఒక్కో హల్లుకు అన్ని వత్తులతో, కొట్టిచ్చారు. ఈ పనిలో మాకు దొరికిన అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

మొదట చేసిన రెండు తప్పులు

పేజ్‌మేకర్ నుంచి రాతను బయటికి తీయడానికి మేం మొదట మామూలు టెక్స్ట్‌గా ఎగుమతి చేశాం. తేలిక, వేగం. పాతిక సంచికలు అయ్యాక చూస్తే, ఇంగ్లిషులో ఉన్న పుస్తకాల పేర్లు, ఊరి పిన్‌కోడ్ల పక్కన ఉన్న ఇంగ్లిషు అక్షరాలు అర్థంలేని తెలుగుగా మారిపోయాయి. కారణం చిన్నదే. ఆ ఫైల్లో ఒక సంకేతం తెలుగు ముక్కా, ఇంగ్లిషు అక్షరమా అన్నది దానిమీద ఉన్న ఫాంటు చెప్పాలి. మామూలు టెక్స్ట్‌లో ఫాంటు సమాచారం పోతుంది. సమాచారంలో సగం ఫాంటు పేరులో ఉందని మాకు తెలుసు, తెలిసి కూడా పారబోశాం. ఆ పాతిక సంచికలు మళ్ళీ మొదటినుంచి ఆర్‌టీఎఫ్‌లో తీశాం. ఆర్‌టీఎఫ్‌లో ప్రతి ముక్కకూ ఏ ఫాంటో రాసి ఉంటుంది. శీర్షికలకు వాడిన ఫాంట్లలో గదుల అమరిక కొద్దిగా తేడాగా ఉందని కూడా అప్పుడే బయటపడింది. ఫాంటుకో పట్టిక రాసుకోవాల్సి వచ్చింది.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. ‘ఈ గుర్తుల వరుస కనబడితే ఈ తెలుగు అక్షరం పెట్టు’ అన్న జాబితా ఒకటి రాసుకుని, దాన్నే మార్పిడి ప్రోగ్రాం అనుకున్నాం. జాబితా వందల్లోకి పెరిగింది. 40వ వరుస చేసిన మార్పును 200వ వరుస మళ్ళీ మార్చేది. ఒక తప్పు దిద్దితే రెండు పుట్టేవి. ఇద్దరం కలిసి ఆరు వారాలు దానిమీద పడి, చివరికి పక్కన పడేశాం.

దాన్ని చంపింది క్రావడి. ‘ప్ర’ రాసేటప్పుడు క్రావడి ‘ప’ను ఎడమనుంచి చుట్టుకుంటుంది. పాత ఫాంటులో కుడికి జరిగే కొద్దీ ముక్కలు పడతాయి కాబట్టి, క్రావడి ముందు కొట్టి తర్వాత ‘ప’ కొట్టాలి. యూనికోడ్‌లో ఉచ్చారణ వరుస: ‘ప’, పొల్లు, ‘ర’. అంటే ముందున్న క్రావడి తన హల్లును, దాని గుణింతపు గుర్తును, ఒక్కోసారి ఇంకో వత్తును దాటి తన చోట కూర్చోవాలి. ‘స్త్రీ’ చూడండి. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు. పాత ఫైల్లో క్రావడి, సీ, తవత్తు. ఇది వెతికి మార్చే పని కాదు, అక్షరాన్ని విప్పి మళ్ళీ కట్టే పని. పాత ప్రభుత్వ పత్రాల్లో, వెబ్‌సైట్లలో “(పభుత్వం” అని బ్రాకెట్టుతో కనిపించేది ఇదే జబ్బు.

మళ్ళీ రాసిన ప్రోగ్రాం మూడు మెట్లలో నడుస్తుంది. మొదటి మెట్టు గుర్తును ముక్క పేరుగా మారుస్తుంది: తలకట్టు, మొండి ప, క్రావడి, తవత్తు. ఇక్కడ ఏ తెలివీ లేదు, ఉండకూడదు. రెండో మెట్టు ఆ ముక్కలను కలిపి ఒక్కో అక్షరం కడుతుంది. తెలుగు అక్షరానికి ఒక నిర్మాణం ఉంది: ఒక హల్లు, దానికి ఉంటే కొన్ని వత్తులు, ఒక గుణింతపు గుర్తు, ఆ పైన సున్నయో విసర్గో. ఆ నిర్మాణంలో ఇమడని ముక్కల గుంపు వస్తే ప్రోగ్రాం ఊహించదు, ఎర్రగీత పెట్టి ఆగుతుంది. మూడో మెట్టు కట్టిన అక్షరాన్ని యూనికోడ్ వరుసలో రాస్తుంది.

ఊహించకపోవడం గురించి ఒక మాట చెప్పాలి. మా జాబితా పద్ధతిలో ప్రతి పేజీ శుభ్రంగా కనబడేది, లోపల తప్పులుండేవి. కొత్త పద్ధతిలో మొదటి రోజు పేజీలు ఎర్రగీతలతో నిండిపోయాయి. మాస్టారు కంగారుపడ్డారు. కానీ ఆ ఎర్రగీతలే మాకు దారి చూపాయి, వారం వారం తగ్గుతూ వచ్చాయి. తప్పును దాచే సాఫ్ట్‌వేర్ కన్నా తప్పు దగ్గర ఆగిపోయే సాఫ్ట్‌వేర్ మేలని నేను అంతకుముందు కూడా అనేవాణ్ణి. ఈ పనిలో దాన్ని నమ్మాను.

వుంది, మంది

‘మ’ సంగతికి వస్తాను. ‘వ’ పక్కన తోక పెడితే ‘మ’. ‘వ’కు కొమ్ము పెడితే ‘వు’. ఫాంటులో ఆ తోకకూ కొమ్ముకూ వేర్వేరు గదులున్నాయి, ఆకారాల్లో తేడా చాలా తక్కువ. వేగంగా కొట్టేటప్పుడు, చేత్తో దిద్దేటప్పుడు ఒకదానికి బదులు ఇంకొకటి పడింది. అచ్చులో ఎవరికీ తెలియలేదు, ప్రూఫ్‌రీడరుకు కూడా. మార్చి చూస్తే “వునం”, “వుంత్రి”, “వుుఖ్యం” బయటికొచ్చాయి. పాత తెలుగు ఫైళ్ళు మార్చినవాళ్ళు ఎవరైనా “వుుఖ్యవుంత్రి” అన్న మాటను చూసే ఉంటారు.

“వుుఖ్యం” పట్టుకోవడం సులభం. ‘వ’కు రెండు కొమ్ములు ఉండవు, అక్షర నిర్మాణమే ఎర్రగీత పెడుతుంది. “వునం”, “వుంత్రి” లాంటివి నిఘంటువుతో పోల్చితే దొరుకుతాయి. కానీ “వుంది”? అది తప్పు కాదు. చాలామంది రచయితలు “ఉంది”ని “వుంది” అనే రాస్తారు. “మంది” కూడా మాటే. “పది మంది”లో ఏది సరైనదో చదివే మనిషికి తెలుసు. “అక్కడ వుంది”లోనూ తెలుసు. ప్రోగ్రాంకు తెలియదు. ముందు అంకెగానీ సంఖ్యావాచకంగానీ ఉంటే “మంది” అని ఒక సూత్రం పెట్టాం. “జనం ఎంతో మంది” దగ్గర అది నిలబడలేదు. ఇలాంటి మాటల జంటలను విడిగా ఒక పట్టీలో రాసి, ప్రతి చోటునూ అచ్చు పేజీ ఫోటో పక్కన పెట్టి మనిషే తేల్చాడు. అక్కా, మాస్టారి దగ్గర ప్రూఫులు చూసిన ఒక పెద్దాయనా ఆ పని చేశారు. 

తప్పులు వెతకడంలో మాకు బాగా అక్కరకొచ్చిన ఉపాయం ఒకటి ఉంది. మొదట మాటల జాబితా తీసి, ఒక్కసారే కనబడిన మాటలను అనుమానించాం. అది తెలుగుకు కుదరదు. విభక్తులు, సంధులు కలిసి ప్రతి పేజీలోనూ ఇంకెక్కడా కనబడని మాటలు డజన్లకొద్దీ పుడతాయి. తర్వాత మాటలు వదిలేసి అక్షరాల జాబితా తీశాం. పదిహేనేళ్ళ రాతలో వాడిన వేర్వేరు అక్షరాలు, వత్తులూ గుణింతాలూ అన్నీ కలుపుకున్నా, కొన్ని వేలు మించవు. అరుదైనదాన్ని ముందు పెట్టి చదువుతూ పోతే, నోరు పలకలేని అక్షరాలన్నీ పైనే తేలాయి. ఒక సాయంత్రంలో ఒక మనిషి చదవగలిగిన జాబితా అది. ఎవరైనా ఈ పనికి దిగితే మొదటి వారంలోనే చేయండి.

ఫాంటులో లేని అక్షరాలకు అక్క సొంత పద్ధతులు కనిపెట్టుకున్నారు. మాండలికాల మీద వచ్చిన ఒక వ్యాసంలో దంత్య చకారం కావాల్సి వస్తే, ‘చ’ మీద తెలుగు అంకె రెండును చిన్నది చేసి పైకి జరిపి కూర్చోబెట్టారు. మా ప్రోగ్రాం దాన్ని “చ౨” అని చదివింది. ఆ అక్షరానికి, ‘ౘ’కు, యూనికోడ్‌లో 2008లో 5.1 వెర్షన్‌తో చోటు వచ్చింది. “మరి అప్పుడు లేదు గదా తమ్ముడూ, రచయిత అడిగింది అచ్చులో రావాలి గదా” అన్నారు అక్క. ఆవిడ చెప్పకపోతే ఆ వ్యాసంలో అంకెలు ఎందుకున్నాయో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ప్రమాణం ఉంది, నిర్ణయాలు మిగిలాయి

యూనికోడ్‌లోకి వచ్చాక పని అయిపోయిందని అనుకోకూడదు. ప్రమాణం ఒక్కటే అయినా, ఒకే మాటను రెండు మూడు రకాలుగా రాసే సందులు అందులో ఉన్నాయి.

సున్నకు ‘ం’ ఉంది, తెలుగు అంకె సున్నాకు ‘౦’ ఉంది. చూపులో రెండూ ఒకటే. విసర్గకు బదులు ఇంగ్లిషు రెండు చుక్కలు కొట్టి “దు:ఖం” అని రాసినవాళ్ళు కొల్లలు. ‘ై’ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు కలిపీ రాయవచ్చు. యూనికోడ్ ఆ రెండూ సమానమని చెబుతుంది, వాటిని ఒక్క రూపంలోకి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతి కూడా ఇచ్చింది. కానీ మొదటి రెండింటినీ అది పట్టించుకోదు, పట్టించుకోవాల్సింది మనమే. హల్లు పక్కన ఉన్న అంకె సున్నాను సున్నగా, తెలుగు అక్షరాల మధ్య ఉన్న రెండు చుక్కలను విసర్గగా మార్చే సూత్రాలు పెట్టుకున్నాం.

కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు గురించి మా ఆఫీసులో పెద్ద వాదన జరిగింది. “ఫుట్‌బాల్” అన్న మాటలో ‘ట’ పొల్లుగానే నిలవాలంటే ఆ గుర్తు మధ్యలో ఉండాలి. లేకపోతే “ఫుట్బాల్” అని బవత్తు కిందికి దిగుతుంది. కనబడని గుర్తును పాఠంలో దాచడం నా సహచరుడికి నచ్చలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ‘జ్ఞా’ దెబ్బకు యాప్‌లు కూలిపోయిన సంగతి తెచ్చాడు. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య ఈ గుర్తే దూరడం అందులో కారణం, ఐఓఎస్ 11.2.6తో అది సర్దుకుంది. అతని భయం అర్థమైంది కానీ నేను ఒప్పుకోలేదు. రచయిత పొల్లు రాశాడు, అచ్చులో పొల్లు ఉంది, దాన్ని మనం వత్తుగా మార్చడానికి వీల్లేదు. పైగా ఇక్కడ పాత ఫాంటే మనకు సాయం చేస్తుంది. అందులో పొల్లుకూ వత్తుకూ వేర్వేరు ముక్కలు కాబట్టి, మాట మధ్యలో పొల్లు ముక్క కనబడిన ప్రతిచోటా అనుమానం లేకుండా ఆ గుర్తు పెట్టవచ్చు. హల్లు తర్వాత, పొల్లు పక్కనే తప్ప ఇంకెక్కడా అది రాకూడదని కట్టడి పెట్టాం.

అకారాది వరుస మాస్టారిని బాధపెట్టింది. రచయితల సూచిక తయారుచేస్తే “కళ”తో మొదలయ్యే పేర్లు “కవి” కంటే ముందు వచ్చాయి. యూనికోడ్ పట్టికలో ర, ఱ, ల, ళ పక్కపక్కనే ఉంటాయి, ‘వ’ తర్వాత వస్తుంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండాలని ఇస్కీలో పెట్టుకున్న వరుస అది, యూనికోడ్ దాన్నే తీసుకుంది. మన బడిలో నేర్చుకున్నది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. సంకేతాల వరుసను అకారాది అనుకోవడం ప్రోగ్రాం రాసేవాళ్ళ పొరపాటు, పట్టికది కాదు. వరుసను విడిగా చెప్పుకునే వీలు, యూనికోడ్ పనులకు ప్రోగ్రాంలలో వాడే ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉంది. మాస్టారి చేత ఒక కాగితం మీద వరుస రాయించుకుని దాన్నే పెట్టాం.

చిన్న విషయమే కానీ ఒక రోజు తినేసింది: ఫైళ్ళకు వ్యాసాల శీర్షికలే పేర్లుగా పెడదామనుకున్నాం. యూనికోడ్‌ను ఫైళ్ళలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 గుర్తులు, వత్తులూ గుణింతాలూ లెక్కేస్తే నలభై అక్షరాలకు అటూ ఇటూ. మన వ్యాసకర్తల శీర్షికలు అంతలో ఆగవు. సంవత్సరం, నెల, వరుస సంఖ్య ఫైలు పేరుగా పెట్టి శీర్షికను లోపలికి పంపాం.

వెతకడం దగ్గర ఒక సూత్రం మీద గట్టిగా నిలబడ్డాం: పాఠం అచ్చులో ఎలా ఉందో అలాగే దాచాలి, సర్దుబాట్లన్నీ వెతుకులాట సూచికలోనే జరగాలి. పద్యాల్లో అరసున్నలు, బండి ఱలు ఉంటే ఉంటాయి. “క్రొత్త” అని రాస్తే “క్రొత్త”యే. కానీ సూచికలో అరసున్న తీసేస్తాం, ‘ఱ’ను ‘ర’గా, “వుంది”ని “ఉంది”గా, “యెందుకు”ను “ఎందుకు”గా చూస్తాం, కనబడని నాన్ జాయినర్‌ను వదిలేస్తాం. “విజయవాడ” అని కొడితే “విజయవాడలో”, “విజయవాడకు” కూడా రావాలి కాబట్టి మాట మొదలు కలిస్తే చాలు. పాఠాన్నే సవరించి ఆధునికం చేయమని ఒక సలహా వచ్చింది. నేను ససేమిరా అన్నాను. రేపు ఇంకెవరైనా ఇంతకన్నా మంచి వెతుకులాట రాస్తారు. రచయిత రాసినదాన్ని మనం మార్చేస్తే వాళ్ళు వెనక్కి తెచ్చుకోలేరు.

కొత్త సంచికలు

కొత్త పత్రిక యూనికోడ్‌లోనే కంపోజు కావాలని మాస్టారు నిశ్చయించారు. అక్కకు దిగులు పట్టుకుంది. “ఈ వయసులో మళ్ళీ కీబోర్డు నేర్చుకోవాలా?” అన్నారు. అక్కర్లేదు. భారతీయ భాషలకు ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ మంచి అమరిక, ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు, భారతీయ భాషలన్నిటికీ ఒకే చోట్లు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను అదే చెబుతాను. కానీ ఇరవై ఏళ్ళు ఒక అమరికలో ఆరితేరిన వేళ్ళను ప్రమాణం పేరుతో మార్చమనడం అన్యాయం. ప్రమాణం ఫైల్లో ఏం పడాలో చెబుతుంది, ఏ మీట నొక్కాలో చెప్పదు. డీటీపీ వాళ్ళు యాపిల్ కీబోర్డు అని పిలుచుకునే పాత అమరికలోనే ఆవిడ కొడతారు, లోపల యూనికోడ్ పడుతుంది. క్రావడి ముందు కొట్టే అలవాటు ఒక్కటే మానుకోవాల్సి వచ్చింది. పది రోజుల్లో మానుకున్నారు.

అచ్చుకు ఫాంటు ఎంచుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. తెర మీద చదవడానికి మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి ఉచితంగా ఉన్నాయి, బాగున్నాయి. చిన్న సైజులో, రెండు కాలమ్‌ల పత్రిక పేజీలో, వత్తులు పై వరుసనుంచి దిగి కింది వరుస గుడిని తాకకుండా నిలిచే ఫాంట్లు మాత్రం తక్కువ. వరుసల మధ్య ఖాళీ పెంచితే పేజీలు పెరుగుతాయి, కాగితం ఖర్చు పెరుగుతుంది. పాత పత్రికలో 64 పేజీల్లో పట్టిన సరుకుకు ఇప్పుడు 72 పేజీలు కావాల్సి వచ్చింది. పాత ముక్కల ఫాంట్లు ఈ విషయంలో ఇప్పటికీ మెరుగే. తెలుగులో యూనికోడ్ అచ్చు ఫాంట్ల మీద పెట్టాల్సిన శ్రమ ఇంకా చాలా ఉంది, దానికి డబ్బు పెట్టేవాళ్ళు కావాలి.

అప్పగింత

మాస్టారికి మేం ఇచ్చింది వెతుక్కునే సైటు ఒక్కటే కాదు. సీడీల నకళ్ళు ఉన్నవి ఉన్నట్టుగా, ఆర్‌టీఎఫ్ ఫైళ్ళు, యూనికోడ్ పాఠం, ఫాంటు పట్టికలు, అన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లో, మూడో నకలు ఆయన కూతురి ఇంట్లో. పట్టికలను కాగితం మీద కూడా అచ్చు తీసి బైండు చేయించాం. మా మార్పిడిలో తప్పులు మిగిలే ఉంటాయి. వాటిని దిద్దాలంటే వెనక్కి వెళ్ళడానికి మూలం ఉండాలి.

సైటు పెట్టిన రోజు మాస్టారు మొదట వెతికింది ఒక కథ పేరు. 1997 సెప్టెంబరు అని వచ్చింది. “చూశారా, నేను 98 అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ” అని అక్కతో అన్నారు. ఆ కథ అడిగినవాళ్ళకు అప్పుడే ఫోన్ చేశారు.

పోయిన నాలుగు సంచికలకు ఆఫీసు కాపీలు కూడా లేవు, ఇల్లు మారినప్పుడు పోయాయి. 2003 మార్చి సంచికను తెనాలి పాఠకుడొకరు బైండు పుస్తకంతో సహా పంపారు, అక్క దాన్ని మొదటినుంచి కొడుతున్నారు. ఇంకా దొరకనివి 1998 జూన్, 1998 జులై, 2001 నవంబరు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో అడిగి చూడమని మాస్టారు చెప్పారు. వచ్చే వారం వెళ్తున్నాను.